ఐదు గుర్రాలు, రెండించుల నీళ్ళు

మొన్న మా ఇంటి బోరు మోటారు కాలిపోతే, కొత్తది కొందామని కర్నూలు బజారుకు పోయాను. అంగట్లో కౌంటరు దగ్గరున్న అమ్మాయి నా తెల్లజుట్టు చూసి, ఈ పెద్దాయనకు విడమరిచి చెప్పాలనుకుంది కాబోలు, మోటారు మీది పలకను వేలితో చూపిస్తూ, "సున్నా పాయింటు ఏడు ఐదు కిలోవాట్లు అంకుల్. అంటే ఒక హెచ్.పి. అన్నమాట" అంది. నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే ఒక హెచ్.పి.కి ఏడువందల నలభై ఆరు వాట్లేనమ్మా, పైనున్న నాలుగూ పలక అచ్చు వేసినవాళ్ళ ధారాళం అని. ఆ మాట మింగేసి, "అట్లనా అమ్మా" అన్నాను. తెలిసింది చెప్పకుండా ఊరుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒకసారి తెలిసిందంతా నలుగురిలో చెప్పి, ఒక మనిషి మంచిపేరు పాడుచేసిన తరువాత అలవాటు చేసుకున్నది.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పట్లో పత్తికొండలో మాకు పైపులు, బెల్టులు, ఫ్యూజులు, గ్రీజు డబ్బాలు అమ్మే అంగడి ఉండేది. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆగింది అనడం మర్యాద మాట, లెక్కల పరీక్షే ఆపింది. ఆ కసితోనేమో, వారానికొకసారి సరుకు కోసం కర్నూలు వచ్చినప్పుడల్లా, లారీ ఆఫీసులో మూటలు ఎక్కేలోపు గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ముందు గదిలో పేపర్లు చదివేవాళ్ళు, పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోయేవాళ్ళు సరిసమానంగా ఉండేవారు. వెనక గదిలో సైన్సు పుస్తకాల బీరువా దగ్గర మాత్రం నేనూ, చప్పుడు చేస్తూ తిరిగే ఒక ఫ్యానూ. అక్కడ యంత్రాల పుస్తకం ఒకటి దొరికింది. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, చివరివీ లేవు. నాకు అవసరమైనవి మధ్యలో ఉన్నాయని తృప్తిపడి, పొడుగు నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. హెచ్.పి. అంటే గుర్రం బలం అనే కొలత ఎందుకు పుట్టిందో, దాన్ని వాట్లలోకి ఎలా మార్చాలో అందులోనే చదివాను. ఇంగ్లీషువాళ్ళ గుర్రం ఏడువందల నలభై ఆరు వాట్లట. మెట్రిక్ గుర్రం ఏడువందల ముప్పై ఐదున్నరేనట. ఆ బక్క గుర్రం సంగతి తెలిసిన రోజు నేను బస్సులో పత్తికొండ దాకా ఒంటరిగా నవ్వుకుంటూ వచ్చాను. పక్క సీటాయన లేచి వెనక్కి పోయి కూర్చున్నాడు.

మా అంగడి గోడకు అవతలి పక్క మోటార్లకు తీగ చుట్టే అంగడి. దాన్ని నడిపే ముసలాయన ముస్లిం. మా నాయన ఆయనను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. కాలిన వార్నిష్ వాసన, కొత్త రాగితీగ మెరుపు, సాసరులో పోసుకున్న టీ, ఇవన్నీ కలిస్తే మామ. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగంతా ఊడబీకి, చుట్లు లెక్కపెట్టి, తూకం వేసి, గోడమీద సుద్దతో రాసుకునేవాడు. అదే మందం, అన్నే చుట్లు, అదే బరువు. రవ్వంత తేడా వచ్చినా మళ్ళీ విప్పేవాడు. చుడుతున్నంతసేపూ "అఠారా, ఉన్నీస్, బీస్" అని పైకే లెక్కపెట్టేవాడు. ఆ మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఎంత పెద్ద రైతైనా సరే, కన్నెర్ర చేసేవాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఎవరైనా పలక మీద కిలోవాట్లు చూసి ఇదేమని అడిగితే, గోడ మీదుగా కేకేసేవాడు. "పక్కంగట్లో మా అల్లుడుండాడు, పోయి అడుగుపో. లైబ్రరీ అంతా చదివినోడు!" నా చదువును మొదట మెచ్చుకున్నది ఇంట్లోవాళ్ళు కాదు, ఆయనే. నేను గోడ ఇవతలనుంచి "మూడు పాయింటు ఏడు కిలోవాట్లా? ఐదు హెచ్.పి.!" అని అరిస్తే, అవతల ఆయన రైతుతో "సూసినావా? కాగితం గూడా ముట్టుకోల్యా" అనేవాడు.

పత్తికొండకు దగ్గరున్న ఒక పల్లెలో మా అక్కను ఇచ్చాం. మా బావకు అక్కడ రెండెకరాల టమాటా తోట, బోరు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఐదుగురి మోటార్లు. అందరివీ ఐదు హెచ్.పి. అని పలకలు చెబుతున్నాయి. ఆ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు కాలిపోయింది. కాలిన ప్రతిసారీ దాన్ని ట్రాక్టరులో వేసుకుని పోయి, బాగుచేయించుకుని తెచ్చేసరికి పది రోజులు. టమాటా పూత మీద ఉన్నప్పుడు పది రోజులు నీళ్ళు లేకపోతే ఇంక పూత ఉండదు, కొమ్మలుంటాయి. ఐదుగురిలో ఎవరో పెద్ద మోటారు పెట్టారని అనుమానం పుట్టింది. అనుమానానికి కారణం లేకపోలేదు. మా వైపు అప్పట్లో ఒక మోసం నడిచేది. కాలిన మోటారులో మందం తీగ ఎక్కించి, పంపులో నీళ్ళను పైకి నెట్టే గిన్నెలు, అంటే స్టేజీలు పెంచి, పైన పాత పలక అలాగే ఉంచేవారు. చూడటానికి ఐదు, లోపల ఏడున్నర. అందరి కళ్ళూ పడమటి చేని పెద్దాయన మీద పడ్డాయి. రెండు నెలల కిందటే ఆయన మోటారు కాలింది. దానికి తీగ చుట్టింది మా మామ.

మా బావ నా దగ్గరకు వచ్చాడు. "నువ్వు పుస్తకాలు చదివినావు గదప్పా. లోపలెంతుండాదో పైనుంచే తెల్సుకోను లెక్క ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. ఉంది. నా నోటుబుక్కులో ఉంది. ఆ ప్రశ్న కోసమే నేను పదేళ్ళుగా ఆ బీరువా ముందర కూర్చున్నట్టు అనిపించింది. లైన్‌మన్ దగ్గర టంగ్ టెస్టర్ అడిగి తీసుకున్నాను. తీగను దాని నోట్లో పెడితే ఎంత కరెంటు పోతోందో చూపించే పరికరం అది. గోడ అవతలి మామకు మాటమాత్రం చెప్పలేదు. చెప్తే ఆయన ఏమనేవాడో ఊహించలేదు. అసలు ఆయన గురించే ఆలోచించలేదు. నా ఆలోచనంతా లెక్క మీదే ఉంది.

పట్టపగలు, పదకొండు గంటలకు, పడమటి చేని స్టార్టరు గది నీడలో ఊరివాళ్ళు చేరారు. ముప్పై మంది దాకా ఉంటారు. కరెంటు మధ్యాహ్నం దాకే ఉంటుంది. పెద్దాయన స్టార్టరు నొక్కి, మోటారు ఆన్ చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను తీగకు టెస్టర్ తగిలించాను. ఎనిమిది పాయింటు ఎనిమిది ఆంపియర్లు. వోల్టులు నాలుగు వందలు. నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, పుస్తకంలో చెప్పిన గుణకాలన్నీ వేసి హెచ్చవేస్తుంటే చుట్టూ గుసగుసలు ఆగిపోయాయి. ఒక ముసలాయన మాత్రం ఆగలేదు. "మనూళ్ళో ఒక గుర్రం గూడా ల్యాదు గదప్పా, ఈ గుర్రాల లెక్కేంది? ఎద్దుల్లో చెప్పరాదూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తెలిసినవాడు తెలియనివాళ్ళ మధ్య నవ్వే నవ్వు. ఐదువేల రెండువందల వాట్లు తేలింది. దాన్ని ఏడువందల నలభై ఆరుతో భాగించాను. జవాబు కింద రెండు గీతలు గీసి, నోటుబుక్కు పైకెత్తి చూపించాను. "ఏడు హెచ్.పి. పలక మీద ఐదు, లోపల ఏడు."

"సూడండ్రప్పా, రెండు గుర్రాలు దొంగతనంగా మేస్తాండాయి" అన్నాడు మా బావ. పెద్దాయన ఎవరి మొహమూ చూడలేదు. "నేను ఏమీ పెంచమని చెప్పల్యా. కాలింది, చుట్టియ్యమన్న్యా, చుట్టిచ్చినాడు" అన్నాడు. అంటే నేరం ఎవరిదో ఆ మాటతోనే ఖాయమైపోయింది. ఎవరో అప్పటికే పత్తికొండకు కబురు పెట్టినట్టున్నారు, మామ తన పాత మోపెడ్ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. చేతులకు వార్నిష్ అలాగే ఉంది. విషయం విని మొదట నావైపు చూశాడు, కోపంగా కాదు, నేనక్కడ ఎందుకున్నానో అర్థంకానట్టు.

"అల్లుడా, ఎంత తీగ దిగిందో అంతే ఎక్కిచ్చినా. గోడమీద తూకం రాసుండాది, నువ్వే వచ్చి సూడు" అన్నాడు.

"గోడమీది రాతకు ప్రమాణమేముంది మామా?" అన్నాను.

"పోనీ మోటారు పైకి తీయించండి. ఈడనే, అందరి ముందర విప్పుతా. చుట్లు లెక్కపెట్టుకోండి."

బోరులో రెండువందల యాభై అడుగుల లోతున ఉన్న మోటారును పైకి లాగాలంటే మూడు కాళ్ళ స్టాండు కావాలి, గొలుసు కావాలి, ఆరుగురు మనుషులు కావాలి. ఒకరిద్దరు తీద్దామన్నారు కూడా. నేనే అన్నాను, "లెక్క తేలినాక విప్పే పనేముంది?" అని. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే నా నోటుబుక్కులన్నీ ఇచ్చేసేవాణ్ణి.

మామ నీళ్ళు పడుతున్న పైపు దగ్గరకు నడిచాడు. మా వైపు బోరు నీళ్ళను ఇంచుల్లో కొలుస్తారు. పైపు మూతి దగ్గర ధార ఎంత మందంగా పడుతోందో చూసి ఇంచిన్నర, రెండించులు అంటారు. దానికి పుస్తకం లేదు, చూసే కళ్ళుంటే చాలు. మామ ధార కింద చెయ్యి పెట్టి, "ఇంతకు ముందర ఈడ ఎన్ని నీళ్ళు పడుతుండె?" అని అడిగాడు.

"రెండించులు" అన్నాడు పెద్దాయన.

"ఇప్పుడు?"

"రెండించులే."

"మరి నేను రెండు గుర్రాలు పెంచుంటే ఆ రెండు గుర్రాల నీళ్ళు యాడికి పాయె? నీళ్ళు పెరగల్ల గదా అల్లుడా?"

ముప్పై మందీ నావైపు తిరిగారు. ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని తెలుసుకునే తెలివి నాకు లేదు. "ఇంచులు సైన్సు కాదు మామా. వాట్లు సైన్సు" అన్నాను. జనం నవ్వారు. ఇందాక గుర్రాలను వెక్కిరించిన ముసలాయన కూడా ఈసారి నా పక్షాన నవ్వాడు. మామ చెయ్యి దులుపుకుని, మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. మిగతా నాలుగు మోటార్లూ కొలుద్దామని లైన్‌మన్ అన్నాడు గాని, అంతలో కరెంటు పోయింది. నిజం చెప్పాలంటే నేను కరెంటు కోసం ఎదురుచూడలేదు. నాకు కావలసిన జవాబు వచ్చేసింది.

ఆ రోజునుంచి నేను లెక్కల సారునయ్యాను. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఇంజన్ల పలకలు రుద్ది తెచ్చేవారు. ట్రాక్టరు కొనేవాళ్ళు కంపెనీ కాగితం పట్టుకొచ్చి, ఈ కిలోవాట్లకు ఎన్ని గుర్రాలు సారూ అని అడిగేవారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, కొంచెం ఆలస్యం చేసి చెప్పేవాణ్ణి. వెంటనే చెప్తే విలువ ఉండదని అప్పటికి నేర్చుకున్నాను. గోడ అవతల మాత్రం లెక్కపెట్టే గొంతు రోజురోజుకూ తగ్గిపోయింది. మొదట ఆ పల్లెవాళ్ళు మామ దగ్గరకు రావడం మానేశారు, తరువాత పక్క పల్లెలవాళ్ళు. నన్ను చూసినప్పుడు మామ మొహం తిప్పుకునేవాడు కాదు. అదే కష్టంగా ఉండేది. "బాగుండావా అల్లుడా" అనేవాడు. వానాకాలం పోయేసరికి అంగడి మూసి, కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో ఎవరిదో చిన్న కార్ఖానాలో జీతానికి తీగ చుట్టడానికి వెళ్ళిపోయాడు. సొంత అంగట్లో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి.

ఆయన వెళ్ళకముందే ఆ ట్రాన్స్‌ఫార్మరు మూడోసారి కాలింది. పడమటి చేని మోటారును ఊరివాళ్ళు ఆపించేసి ఉన్నారు, అది తిరగనే లేదు. లైన్‌మన్ విప్పి చూస్తే లోపల దాన్ని చల్లబరిచే నూనె సగానికి సగం లేదు, అడుగున ఎక్కడో కారిపోతోంది. ఆ మాట విన్నాక నా లెక్క వైపు ఆలోచన పోకుండా జాగ్రత్తపడ్డాను. తరువాత కర్నూలు వెళ్ళినప్పుడు అట్టలేని పుస్తకం మళ్ళీ తీశాను. నేను ఎక్కించుకున్న పేజీ తరువాతి పేజీ తిప్పాను. అన్ని రోజుల్లో దాన్ని తిప్పలేదు, ఎందుకంటే నాకు కావలసిన సూత్రం ముందు పేజీతో అయిపోయింది. అక్కడ రాసి ఉంది. పలక మీద వేసే శక్తి మోటారు ఇరుసు దగ్గర బయటికి ఇచ్చే శక్తి. తీగలోంచి లోపలికి పోయే శక్తి అంతకంటే ఎప్పుడూ ఎక్కువే, మిగిలింది వేడిగా పోతుంది. బోరులో దించే చిన్న మోటార్లలో నాలుగో వంతుకు పైగా అలా పోవడం మామూలే. అంటే ఐదు గుర్రాల పని చేసే మోటారు ఏడు గుర్రాల మేత తినడం మామూలే. నేను మేత కొలిచి బలం అన్నాను. మామ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూపించింది మాత్రం బయటికి వచ్చే పని. నేను సైన్సు కాదన్న ఆ ఇంచులే కొలవవలసింది కొలిచాయి. తరువాతి వారం టంగ్ టెస్టర్ మళ్ళీ అడిగి తెచ్చి, మా అక్కను చూసిపోయే నెపంతో మా బావ మోటారుకు తగిలించాను. ఎనిమిది పాయింటు ఏడు. దాదాపు అదే ఏడు గుర్రాలు. "ఏం సూస్తాండావప్పా?" అన్నాడు బావ. "ఊరికే" అన్నాను.

కల్లూరుకు వెళ్ళడానికి నాకు ఇంకో ఆరు నెలలు పట్టింది. షేర్ ఆటో దిగి అడిగితే చూపించారు. రేకుల షెడ్డులో, బల్ల చివర, మామ. నన్ను చూసి లేచి టీ తెప్పించాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సిగ్గుపడవలసిన విషయం ఏమంటే, సగం దూరం వచ్చేసరికి నా గొంతులో మళ్ళీ పాఠం చెప్పే ధోరణి వచ్చేసింది. లోపలికి పోయే శక్తి, బయటికి వచ్చే శక్తి అంటూ వేళ్ళతో బల్లమీద గీస్తున్నాను. ఆయన ఓపికగా విని, "అంటే నా తీగ సరిగ్గానే ఉండాదంటావ్" అన్నాడు.

"ఉండాది మామా. తప్పు నాది."

"సరే, నాకు చెప్పినావు. నాకు ముందే తెల్సు గదా? ఆ పొద్దు యాడ చెప్పినావో ఆడ పోయి చెప్పు. ఆ స్టార్టరు గది కాడ. అంతే, ఇంకేమొద్దు."

చెప్తానని ఒట్టు పెట్టుకుని వచ్చాను. తరువాత ఎందుకు చెప్పలేదో వివరంగా రాయడానికి కూడా చెయ్యి రావడంలేదు. వచ్చే వారం అనుకునేవాణ్ణి. పంటలు అయిపోనీ, అందరూ ఊళ్ళో ఉన్నప్పుడు చెప్దాం అనుకునేవాణ్ణి. ఈలోపు ఎవరో ఒకరు సారూ అంటూ పలక పట్టుకొచ్చేవారు. వాళ్ళ ముందు కళ్ళద్దాలు తుడుచుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. అలా మూడేళ్ళు గడిచాయి.

చివరికి వెళ్ళాను. అందరినీ స్టార్టరు గది దగ్గరకు రమ్మని ముందుగానే కబురు పెట్టాను. ఇద్దరే వచ్చారు, మా బావ, పడమటి చేని పెద్దాయన. వరసగా కరువు వచ్చి మూడు బోర్లు ఎండిపోయాయట. మిగతా రైతులు కొందరు బెంగుళూరు పనులకు, కొందరు కర్నూలులో ఆటోలు నడపడానికి పోయారు. ఆ పొద్దు గుర్రాలను వెక్కిరించిన ముసలాయన చనిపోయాడు. నేను నోటుబుక్కు తెరిచి మొదటినుంచీ చెప్పాను, ఈసారి గొంతు పెంచకుండా. మా బావ అంతా విని, "ఏ లెక్కప్పా అది? ఎవురికి గుర్తుండాది ఇప్పుడు? ఆయప్ప మోటార్లలో ఏదో మోసం చేసేటోడని అందరూ అంటాండ్రి, అందుకే ఎవురూ పోకపోయిరి" అన్నాడు. ఆ మాట మొదట అన్నది ఎవరో ఆయనకే గుర్తులేదు. "మోసం ల్యాదు బావా. అది నా తప్పు" అన్నాను. పెద్దాయన మట్టి గడ్డ ఒకటి కాలితో చిదుపుతూ, "నా నీళ్ళు నాకు తెల్యవా? ఆ పొద్దే తెల్సు. ఇంతమందిలో చదువుకున్నోడు చెప్తాంటే ఎదురు చెప్పలేకపోతి" అన్నాడు.

మళ్ళీ కల్లూరు వెళ్ళాను. చెప్పి వచ్చానని మామతో అన్నాను. ఆయన కళ్ళు అప్పటికి మసకబారాయి, తీగను మొహానికి దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు. "ఎంతమంది వచ్చిన్యారు?" అని అడిగాడు. అబద్ధం చెప్పాలనిపించింది. "ఇద్దరు మామా" అన్నాను. "ఆ పొద్దు ఎంతమందుండ్రి?" "ముప్పై మంది దాకా." ఆయన తల ఊపి, పనిలోకి వంగాడు. నేను లేచి వచ్చేశాను. తప్పు ఒప్పుకోవడానికి నాకు కావలసిన ధైర్యం ఎప్పటికైనా వస్తుందనే అనుకున్నాను, వచ్చింది కూడా. అది వచ్చేదాకా వినాల్సినవాళ్ళను కాలం ఎక్కడా కూర్చోబెట్టి ఉంచదని మాత్రం ఏ పేజీలోనూ చదవలేదు.